గుంట చెప్పే సాక్ష్యం

తెలుగులో ‘అనుమానం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. తర్కశాస్త్రంలో అది ఒక ప్రమాణం. కంటికి కనిపించే గుర్తును ఆధారం చేసుకొని కనిపించని కారణాన్ని నిర్ణయించే జ్ఞానసాధనం. లోకవ్యవహారంలో అదే మాటకు సందేహమని అర్థం. నిర్ణయానికీ సందేహానికీ ఒకే పేరు ఉండటం పైకి విచిత్రంగా తోచవచ్చు. కాని గుర్తును చూసి కారణాన్ని ఊహించే ప్రతి పనిలోనూ ఈ రెండర్థాలూ కలిసి నడవవలసిందే. భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో కనిపించే ఒక చిన్న లెక్క ఈ విషయాన్ని స్పష్టంగా తెలియజేస్తుంది. వేగంగా వచ్చిన వస్తువు మెత్తని పదార్థంలోకి చొచ్చుకుపోయి ఆగుతుంది. దాని వేగం తెలుసు, అది దిగిన లోతు తెలుసు. దానిని ఆపిన బలం ఎంత? ప్రశ్న చిన్నదే. సమాధానం కూడా ఒక్క పంక్తిలో వస్తుంది. అయితే ఆ సమాధానం దేనిని చెబుతుందో, దేనిని చెప్పదో గ్రహించడమే అసలైన విద్య.

గుర్తును బట్టి కారణాన్ని ఊహించడంలోని ప్రమాదాన్ని భారతీయ తార్కికులు ఏనాడో గుర్తించారు. ఏరు నిండుగా పారుతుంటే ఎగువన వాన కురిసిందని ఊహించవచ్చునని న్యాయశాస్త్రం చెబుతుంది. గౌతముని న్యాయసూత్రాలలోనే దీనిపై ఒక ఆక్షేపణ ఉంది. దిగువన అడ్డుకట్ట పడినా ఏటిలో నీరు పెరుగుతుంది కదా, అలాంటప్పుడు వాన కురిసిందని ఎలా చెప్పగలరు? దీనికి ఇచ్చిన సమాధానం గమనింపదగింది. నీరు పెరగడం ఒక్కటే గుర్తు కాదు. ప్రవాహవేగం, నురగ, కొట్టుకొని వచ్చే ఆకులు, పండ్లు, కట్టెలు, వీటన్నింటితో కూడిన వరదే వానకు గుర్తు అని వాత్స్యాయనుడు తన భాష్యంలో వివరించాడు. ఒకే గుర్తుకు అనేక కారణాలు ఉండగలవు. కారణాన్ని నిర్ధారించాలంటే గుర్తును మరింత వివరంగా పరిశీలించాలి. గుంట లోతును బట్టి బలాన్ని లెక్కించేవారికి కూడా ఈ హెచ్చరిక అక్షరాలా వర్తిస్తుంది.

ఐరోపాలో ఈ లెక్కకు సుదీర్ఘమైన చరిత్ర ఉంది. 1638లో వెలువడిన తన గ్రంథంలో గెలీలియో, ఎత్తు నుంచి పడిన బరువు నేలలో పాతిన గుంజను ఎంత లోతుకు దింపుతుందో గమనించి ఆ బరువు వేగాన్ని పోల్చవచ్చునని సూచించాడు. ఆ తరువాత పదిహేడవ శతాబ్దం చివర పండితుల మధ్య ఒక పెద్ద వాదం చెలరేగింది. కదిలే వస్తువులో ఉండే ‘బలానికి’ కొలమానం ఏది? ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేదే కొలమానమని దెకార్త్ అనుయాయులు వాదించారు. ద్రవ్యరాశిని వేగవర్గంతో గుణించాలని 1686లో లైబ్నిట్జ్ ప్రతిపాదించాడు. నాలుగు రెట్ల ఎత్తు నుంచి పడిన వస్తువు రెండు రెట్ల వేగాన్ని మాత్రమే పొందుతుంది. అయితే దానిని మళ్లీ ఆ ఎత్తుకు లేపడానికి నాలుగు రెట్ల శ్రమ కావాలి. కాబట్టి వేగవర్గమే సరైన కొలత అని అతని తర్కం.

ఈ వాదాన్ని మాటలతో కాక మెత్తని పదార్థంపై పడిన గుర్తులతో తేల్చడానికి ఇద్దరు పూనుకొన్నారు. ఇటలీ శాస్త్రజ్ఞుడు జొవాన్నీ పోలేనీ ఒకే పరిమాణం, వేర్వేరు బరువులు గల గోళాలను గడ్డకట్టిన కొవ్వుపై జారవిడిచి, ఫలితాలను 1718లో ప్రకటించాడు. హాలండ్ దేశంలోని లైడెన్ విశ్వవిద్యాలయంలో విల్లెం స్‌గ్రావెసాండే 1722లో ఇత్తడి గోళాలను మెత్తని బంకమట్టిపై పడవేశాడు. బరువు ఎన్ని రెట్లు పెరిగితే ఎత్తును అన్నోవంతుకు తగ్గించినప్పుడు మట్టిలో ఏర్పడే గుంటలు సమానంగా ఉన్నాయి. పడే ఎత్తు వేగవర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కాబట్టి ద్రవ్యరాశి, వేగవర్గాల లబ్ధం సమానమైనప్పుడే గుంటలు సమానమయ్యాయన్నమాట.

ఈ ప్రయోగంలోని సొగసు ఒకటుంది. మట్టి ఎంత బలంతో ఎదిరిస్తుందో స్‌గ్రావెసాండేకు తెలియదు. పైపొరలో ఒక రీతిగా, లోపల మరొక రీతిగా ఎదిరిస్తుందేమో కూడా తెలియదు. తెలియవలసిన అవసరం కూడా లేదు. ఒకే మట్టిలో, ఒకే పరిమాణం గల గోళాలు, ఒకే రకమైన గుంటలు చేశాయి. నిరోధం లోతును బట్టి మాత్రమే మారేదైతే, అది ఎలా మారినప్పటికీ గోళాలన్నింటినీ ఆపడానికి మట్టి చేసిన పని సమానమే. గుంటలను ఒకదానితో ఒకటి పోల్చాడే గాని, ఒక్క గుంటను చూసి బలాన్ని అంకెలలో చెప్పడానికి అతడు సాహసించలేదు. అడగదగిన ప్రశ్నను మాత్రమే అడిగాడు. అందుకే అతని సమాధానం నిలిచింది.

అంతకంటె గొప్ప విషయం మరొకటి ఉంది. స్‌గ్రావెసాండే న్యూటన్ భక్తుడు. న్యూటన్ సిద్ధాంతాలను ఐరోపాలో వ్యాప్తి చేసిన ప్రముఖులలో ఒకడు. లైబ్నిట్జ్ న్యూటన్‌కు ప్రత్యర్థి. బంకమట్టి ఇచ్చిన సాక్ష్యం ప్రత్యర్థి పక్షాన ఉన్నదని తెలిసినప్పుడు స్‌గ్రావెసాండే తన అభిప్రాయాన్ని మార్చుకొన్నాడు. ఇంగ్లండులోని న్యూటన్ అనుయాయులు, ముఖ్యంగా శామ్యూల్ క్లార్క్, తీవ్రంగా విమర్శించినా అతడు వెనుదీయలేదు. ఫ్రాన్సులో ఎమిలీ దు షాత్లే 1740లో ప్రకటించిన భౌతికశాస్త్ర గ్రంథంలో వేగవర్గ సిద్ధాంతాన్ని సమర్థించింది. తన కుమారుని చదువు కోసమని ఆమె రాసిన ఆ గ్రంథం పండితలోకాన్ని కదిలించింది. పారిస్ విజ్ఞాన పరిషత్తు కార్యదర్శితో ఆమెకు బహిరంగ వాదం కూడా జరిగింది. స్త్రీలకు విశ్వవిద్యాలయ ద్వారాలు మూసి ఉన్న కాలంలో ఇది సామాన్యమైన సాహసం కాదు.

తరువాతి కాలం ఈ వాదాన్ని సమన్వయించింది. ఇది చాలావరకు మాటల తగాదా అని 1743లో దాలంబేర్ అన్నాడు. నేటి భాషలో చెప్పాలంటే, బలం ఎంతసేపు పనిచేసిందో లెక్కించినప్పుడు ద్రవ్యవేగంలోని మార్పు వస్తుంది. బలం ఎంత దూరం పనిచేసిందో లెక్కించినప్పుడు గతిజశక్తిలోని మార్పు వస్తుంది. రెండూ నిజమే. అయితే గుంట లోతు అనేది దూరం, కాలం కాదు. కాబట్టి గుంట శక్తిని గురించి సాక్ష్యం చెప్పగలదు గాని, ఆగడానికి పట్టిన కాలాన్ని గురించి చెప్పలేదు.

గోళాన్ని పైనుంచి వదిలితే దాని వేగం ఎత్తును బట్టి తెలుస్తుంది. మరి తుపాకిగుండు సంగతి ఏమిటి? లోతు కనిపిస్తుంది, వేగం కనిపించదు. ఈ లోటును ఇంగ్లీషు గణితజ్ఞుడు బెంజమిన్ రాబిన్స్ 1742లో ప్రకటించిన గ్రంథంతో తీర్చాడు. వేలాడదీసిన బరువైన దిమ్మెలోకి గుండును పేల్చి, దిమ్మె ఎంత దూరం ఊగిందో కొలిచి, దాని నుంచి గుండు వేగాన్ని లెక్కకట్టాడు. ఆ గ్రంథాన్ని ఆయిలర్ విపులమైన వ్యాఖ్యతో 1745లో జర్మన్ భాషలోకి అనువదించాడు. రాబిన్స్ తన చివరి రోజులలో ఈస్టిండియా కంపెనీ కొలువులో భారతదేశానికి వచ్చి, 1751లో కడలూరు సమీపంలోని సెయింట్ డేవిడ్ కోటలో మరణించాడు.

వేగం, లోతు రెండూ తెలిసిన తరువాత చేసే లెక్క సులభం. పది గ్రాముల గుండు సెకనుకు 400 మీటర్ల వేగంతో వచ్చి, కదలకుండా బిగించిన కొయ్యదిమ్మెలో 20 సెంటీమీటర్లు దిగి ఆగిందనుకోవాలి. దాని గతిజశక్తి 800 జౌళ్లు. దానిని 0.2 మీటర్ల దూరంతో భాగిస్తే 4000 న్యూటన్లు. ఇది గుండు బరువుకు సుమారు నలభై వేల రెట్లు. పరీక్షలో విద్యార్థి ఇక్కడితో ఆగి, ‘కొయ్య ప్రయోగించిన బలం 4000 న్యూటన్లు’ అని రాస్తాడు. మార్కులు కూడా వస్తాయి. కాని ఆ వాక్యంలో ఒక మాట లోపించింది. అది ‘సగటు’ అనే మాట.

ఆ ఒక్క మాట లేకపోతే వచ్చే నష్టమేమిటో చూడాలి. మొదటి దిమ్మె ఆది నుంచి అంతం దాకా ఒకే బలంతో ఎదిరించిందనుకుంటే, బలం ప్రతిక్షణమూ 4000 న్యూటన్లే. గుండు ఆగడానికి పట్టే కాలం సెకనులో వెయ్యోవంతు. రెండవ దిమ్మె తొలుత ఏమాత్రం ఎదిరించక, లోతుతో పాటు క్రమంగా బలం పెంచుకుంటూ పోయిందనుకుందాం. గుండు అదే, వేగం అదే, లోతూ అదే. కాని చివరి క్షణంలో బలం 8000 న్యూటన్లు. ఆగడానికి పట్టే కాలం సెకనులో పదివేలవంతులు ఎనిమిదికి కొంచెం తక్కువ. కాలాన్ని బట్టి లెక్కించిన సగటు బలం దాదాపు 5100 న్యూటన్లు. దిమ్మెలను చీల్చి చూసినా లోతులో తేడా కనిపించదు. గుంట ఒక్కటే, కథలు రెండు. ఏటిలో నీరు పెరిగింది నిజమే, పైన వాన కురిసిందా, దిగువన కట్ట పడిందా అన్నది తేలలేదు.

ప్రకృతిలోని పదార్థాలన్నీ ఒకే రీతిగా ఎదిరించవు. రాబిన్స్, ఆయిలర్ నిరోధాన్ని స్థిరమైనదిగా భావించారు. అప్పుడు వేగం రెట్టింపయితే లోతు నాలుగింతలు కావాలి. పందొమ్మిదవ శతాబ్దంలో ఫ్రెంచి ఇంజనీరు పోంస్లే, నిరోధంలో ఒక భాగం స్థిరంగా ఉన్నా మరొక భాగం వేగవర్గంతో పాటు పెరుగుతుందని ప్రతిపాదించాడు. ఈ సూత్రం ప్రకారం వేగం పెరిగే కొద్దీ లోతు అంత చురుకుగా పెరగదు. ఇసుక తీరు మరీ విచిత్రం. ఇసుకలో గోళాలను పడవేసి అమెరికా శాస్త్రజ్ఞులు 2003లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, గోళం దిగే లోతు అది పడిన మొత్తం ఎత్తుకు ఘనమూలంగా పెరుగుతుంది. అంటే లోతు రెట్టింపు కావాలంటే ఎత్తు ఎనిమిదింతలు కావాలి. ‘వేగం రెట్టింపయితే లోతు నాలుగింతలు’ అన్న సూత్రాన్ని కంఠస్థం చేసిన విద్యార్థి ఇసుక దగ్గర ఓడిపోతాడు.

అయితే గుంటల నుంచి ఇంతకు మించి తెలుసుకోలేమా? తెలుసుకోగలం. ఒక్క గుంటతో కాక అనేక గుంటలతో తెలుసుకోగలం. ఒకే పదార్థంలోకి ఒకే గోళాన్ని వేర్వేరు వేగాలతో పంపి, ప్రతిసారీ లోతును కొలవాలి. నిరోధం లోతును బట్టి మాత్రమే మారేదైతే, శక్తి కొంచెం పెంచినప్పుడు లోతు ఎంత పెరిగిందో చూస్తే ఆ లోతు వద్ద ఉన్న బలం తెలుస్తుంది. నిరోధం వేగాన్ని బట్టి కూడా మారేదైతే అదీ చాలదు. గోళం ఆగిన చోటునే గాక, అది ఆగుతున్న తీరును కూడా క్షణక్షణం గమనించాలి. హిరోఆకి కత్సురాగి, డగ్లస్ డ్యూరియన్ 2007లో ప్రకటించిన పరిశోధన ఈ పనే చేసింది. గోళం దిగుతుండగా దాని కదలికను అతివేగంగా చిత్రించి, నిరోధంలో రెండు భాగాలున్నాయని వారు చూపారు. ఒకటి లోతుతో పెరిగేది, మరొకటి వేగవర్గంతో పెరిగేది. నురగనూ ఆకులనూ కట్టెలనూ కూడా చూడమన్న తార్కికుల మాట ఇక్కడ ఫలించింది.

గుంటను వదిలి బలాన్నే నేరుగా కొలిచినా సందేహం పూర్తిగా తొలగిపోదు. 2005 జనవరి 14న ఐరోపా అంతరిక్ష సంస్థకు చెందిన హైగెన్స్ నౌక శనిగ్రహపు ఉపగ్రహమైన టైటాన్‌పై సెకనుకు సుమారు నాలుగున్నర మీటర్ల వేగంతో దిగింది. దాని అడుగున బిగించిన చిన్న కడ్డీ నేలలోకి దిగుతూ తనపై పడిన బలాన్ని క్షణక్షణం నమోదు చేసింది. తొలుత బలం ఒక్కసారిగా పెరిగి, ఆ తరువాత తగ్గి నిలకడగా సాగింది. పైన పలుచని గట్టి పొర, దాని కింద మెత్తని నేల ఉన్నాయని మొదట వ్యాఖ్యానించారు. ఆ చోట గులకరాళ్లు పరచుకొని ఉన్నట్లు చిత్రాలు చూపాయి. కడ్డీ మొదట ఒక గులకరాయిని తాకి ఉండవచ్చునని తరువాత భావించారు. కొలత మారలేదు, దాని అర్థం మారింది. శాస్త్రజ్ఞులు తమ తొలి మాటను సవరించుకోవడానికి వెనుకాడలేదు. మూడు వందల ఏళ్ల కిందట లైడెన్‌లో స్‌గ్రావెసాండే చూపిన నిజాయితీ కూడా ఇటువంటిదే.

ఇదంతా ప్రయోగశాలకు సంబంధించిన విషయమని, నిత్యజీవితానికి సంబంధం లేదని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. ద్విచక్రవాహనంపై కళాశాలకు వెళ్లే విద్యార్థి ధరించే హెల్మెట్‌ను చూడాలి. దానిలోని థర్మోకోల్ పొర కూడా ఒక బంకమట్టి వంటిదే. ఇక్కడ గోళం మనిషి తల. తల సెకనుకు 5 మీటర్ల వేగంతో నేలను తాకిందనుకోవాలి. సుమారు 1.27 మీటర్ల ఎత్తు నుంచి పడిన వస్తువుకు ఉండే వేగమిది. ఆ పొర రెండున్నర సెంటీమీటర్లు నలిగి తలను ఆపితే, తల వేగం తగ్గే రేటు గురుత్వ త్వరణానికి సుమారు 51 రెట్లు. పొర లేక రెండున్నర మిల్లీమీటర్లలోనే ఆగవలసి వస్తే అది సుమారు 510 రెట్లు. వేగం ఒక్కటే, ఆగే దూరం పదోవంతు, బలం పదింతలు. ప్రాణానికీ మరణానికీ మధ్య ఉన్నది ఆ రెండు సెంటీమీటర్లే.

అయితే ఇక్కడ కూడా 51 అన్నది సగటు మాత్రమే. ఎముకను విరిచేది, మెదడును గాయపరిచేది సగటు కాదు. నాసిరకం హెల్మెట్‌లోని పొర మరీ మెత్తనైతే తొలుత తేలికగా నలిగి, ఇక నలగడానికి చోటు లేక చివరి మిల్లీమీటర్లలో బలాన్ని ఒక్కసారిగా పెంచుతుంది. లెక్కలో రెండు హెల్మెట్‌లకూ ఒకే సగటు రావచ్చు. ఒకటి తలను కాపాడుతుంది, మరొకటి కాపాడదు. నలిగే దూరమంతా దాదాపు ఒకే బలంతో ఆపేదే మంచి పొర. ఒకసారి నలిగిన థర్మోకోల్ మళ్లీ మునుపటి మందానికి రాదు. కాబట్టి ప్రమాదంలో దెబ్బతిన్న హెల్మెట్ పైకి బాగున్నట్లు కనిపించినా దానిని మార్చాలి. ‘సగటు’ అనే మాటను మరచిపోవడం పరీక్షపత్రంలో చిన్న తప్పు. హెల్మెట్ తయారీలో అది చిన్న తప్పు కాదు.

సులభంగా బోధించాలంటే కొన్ని విషయాలను వదలక తప్పదని కొందరు వాదిస్తారు. ఇందులో కొంత నిజం ఉంది. స్థిరబలమనే ఊహతో ప్రారంభించకపోతే తొలిమెట్టు కూడా ఎక్కలేరు. ఒక్క భాగహారంతో 4000 న్యూటన్లని చెప్పగలగడం మనిషి బుద్ధికి లభించిన గొప్ప వరం. దానిని తక్కువ చేయనక్కరలేదు. కాని ఊహను ఊహగా చెప్పి ప్రారంభించడం వేరు, ఊహను నిజంగా నమ్మించడం వేరు. ‘నిరోధం స్థిరమైనదనుకుంటే’ అన్న రెండు మాటలు చేర్చడానికి పుస్తకంలో స్థలం చాలకపోదు, తరగతిలో సమయం చాలకపోదు. ఆ మాటలు చేర్చిన విద్యార్థి లెక్కతో పాటు లెక్క హద్దును కూడా నేర్చుకొంటాడు.

గుంట అబద్ధం చెప్పదు. అడిగినదానికి తనకు తెలిసినంతే చెబుతుంది. తెలిసిన వేగంతో వచ్చిన వస్తువు ఇంత దూరంలో ఆగిందని చెబుతుంది. సగటున ఇంత బలం పనిచేసిందని చెప్పడానికి ఆధారమిస్తుంది. ఏ క్షణాన ఎంత బలం ఉన్నదో అడిగితే మౌనం వహిస్తుంది. ఆ మౌనాన్ని తన ఇష్టం వచ్చిన అంకెతో నింపేవాడు శాస్త్రజ్ఞుడు కాలేడు. మరికొన్ని గుంటలను, మరికొన్ని గుర్తులను వెదికేవాడే శాస్త్రజ్ఞుడు. అనుమానం చేత తెలుసుకోవడం, తెలుసుకొన్నదానిపై అనుమానం ఉంచుకోవడం, ఈ రెండూ ఒకే మాటలో ఇమిడి ఉండటం తెలుగు విద్యార్థికి భాష ఇచ్చిన కానుక. దానిని భౌతికశాస్త్రపు తరగతిలోకి కూడా వెంటబెట్టుకొని వెళ్లాలి.